ఊడ్చిన కొండ

ఎక్కడ కూర్చోవాలన్నా జాజియా ముందు నేలలోకి చెయ్యి దూరుస్తుంది. వేళ్ళు కలిపి, నిటారుగా, పైన్ చెట్లు రాల్చిన సూదాకుల్లోకి. ఎంత దిగితే అంత దిగనిస్తుంది. తీసి వాసన చూసి, చెంగుకు తుడుచుకుని అప్పుడు కూర్చుంటుంది. తేళ్ళుంటాయని వాళ్ళమ్మ ఖద్రా చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉంది. జాజియా మానలేదు.

మా ఊరు ఐన్ ఖరూబ్‌కు రెండు అడవులు. ఊటకు ఎడమ పక్కన పాత అడవి. దాన్ని ఎవరూ నాటలేదు. కుడి పక్కన ఖద్రా వాళ్ళ కొండ. దాన్ని ఆడవాళ్ళు నాటారు. రెంటిలోనూ ఒకే జాతి చెట్లు. చలికాలంలో మగవాళ్ళు కొక్కెం కర్రలతో రెంటిలోనూ కాయలు దింపుతారు. ఆ గింజలు నూరి కాచిన పాయసం లేనిదే ప్రవక్త పుట్టినరోజు గడవదు. గింజల రుచిలో తేడా లేదు. తేడా నేలలో ఉంది. పాత అడవిలో జాజియా చెయ్యి మణికట్టు దాకా దిగేది. అమ్మ కొండ మీద గోరు మునిగేలోపే గట్టి నేల తగిలేది.

ఆ గట్టితనాన్ని ఆమె చాలాకాలం శుభ్రం అనుకుంది. ఊరంతా అలాగే అనుకుంది.

ఆ కొండ ఒకప్పుడు గొర్రెలు మేసి బోడిచేసిన సున్నపు కొండ. స్వాతంత్ర్యం వచ్చాక, కరువు ఏళ్ళలో సర్కారు అక్కడ పని పెట్టింది. కూలి కింద గోధుమ పిండి, నూనె డబ్బా. ఖద్రా అప్పుడు కొత్త కోడలు. ఆమె, ఆమె ఈడు ఆడవాళ్ళు గడ్డపారలతో గుంటలు తవ్వి, ఊట నుంచి వీపుల మీద నీళ్ళు మోసి, మొక్క మొక్కకూ దోసిలితో పోశారు. ఒక వేసవిలో గొర్రెల కాపరి ఎవడో టీ కాచుకుని వదిలిన నిప్పు ఎండుగడ్డికి అంటుకుంది. ఒక వరస మొక్కలు బూడిదయ్యాయి. నేల మీద పరక కనిపించినా పిండి ఇవ్వనని మేస్త్రీ అన్నాడు. ఆడవాళ్ళు ఊడ్చారు.

తరువాత మేస్త్రీ బదిలీ మీద వెళ్ళిపోయాడు. పిండి ఆగిపోయింది. ఊడవడం ఆగలేదు.

అంజూరపళ్ళు ఎండబెట్టడం అయ్యాక, మొదటి వానకు ముందు, ఊరి ఆడవాళ్ళంతా ఒక రోజు ఆ కొండెక్కుతారు. ఇలా అందరూ కలిసి చేసే పనిని మేము రగ్గాతా అంటాం. ఇవాళ నీ గోడ, రేపు నా కోత. కొండ మాత్రం అందరిదీ. రాలిన ఆకునంతా దంతెలతో కిందికి లాగి, మోపులు కట్టి పంచుకుంటారు. రొట్టెలు కాల్చే తబూనా పొయ్యి రాజెయ్యడానికి దాన్ని మించింది లేదు. మిగిలింది కొట్టంలో మేకల కింద పరుస్తారు. సాయంత్రం ఖద్రా వాకిట్లో ఎండుమాంసం వేసిన కుస్కుస్ తిని ఇళ్ళకు పోతారు.

దానికొక కట్టుబాటు ఉంది. నాటినవాళ్ళలో మిగిలిన పెద్దమనిషి మొదటి దంతె గీత గియ్యాలి. కొండ పైఅంచు నుంచి కిందికి. ఆ గీత పడేదాకా ఎవరూ చెయ్యి కదపరు. తన ఈడువాళ్ళంతా పోయాక ఆ గీత ఖద్రాదే అయింది. తల్లి గీత గీసిన మరుక్షణం దంతె దించేది జాజియా. ఆమె ఊడ్చినంత వేగంగా ఊరిలో ఎవరూ ఊడ్వలేరు. పొద్దుగూకేసరికి కొండ అలికిన వాకిలిలా ఉండేది. కింద బస్సులో పోయేవాళ్ళు చూసి మెచ్చుకునేవారు.

జాజియా పుట్టేనాటికి ఆ మొక్కలు మోకాలెత్తు. ఆమెతోపాటు పెరిగాయి. ఆమె పెళ్ళయ్యాక వాటి ఎదుగుదల మందగించింది. ఆమె అదే ఊరిలో మేకలు మేపే అమారాను చేసుకుంది. కాపురానికి వెళ్ళిన ఏడాది తబూనా పొయ్యి తానే మట్టితో కట్టుకుంది. రొట్టె ఒకవైపు మాడేది. అత్త సర్దుకుపొమ్మంది. జాజియా పొయ్యిని గడ్డపారతో పగలగొట్టి మళ్ళీ కట్టింది. మళ్ళీ మాడింది. మళ్ళీ పగలగొట్టింది. రొట్టె నాలుగు పక్కలా ఒకేలా కాలేదాకా ఆ పని మానలేదు. నీకు కట్టడం ఇష్టమా, పగలగొట్టడం ఇష్టమా అని అమారా అడిగాడట. రొట్టె ఇష్టం అందట.

పోయిన వసంతంలో నౌరస్ వచ్చింది. అడవుల మీద పరిశోధన చేసే సంస్థలో పనిచేసే పిల్ల. పాత అడవి ఎంత దాచుకుందో, నాటిన అడవి ఎంత దాచుకుందో పక్కపక్కన పెట్టి చూడాలంది. గోతులు తవ్వడానికి మనిషి కావాలంది. మగవాళ్ళు ఆలివ్ కొమ్మలు కత్తిరించే పనిలో ఉన్నారు. జాజియా గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళింది.

నౌరస్ చెట్ల చుట్టుకొలత తీసింది. నేల మీద తీగ చట్రం పెట్టి, దాని లోపల ఉన్న ఆకునంతా సంచిలోకి ఎత్తించి తూచింది. ఆ తరువాత గొయ్యి. పాత అడవిలో ముందు పచ్చి వాసన పోని సూదాకు, దాని కింద విరిగిన ఆకు, దాని కింద ఆకని చెప్పలేని నల్లటి పొడి, తెల్లటి సన్నని దారాలు అల్లుకున్న మట్టి. గడ్డపార శబ్దం లేకుండా దిగింది. మర్నాడు ఖద్రా కొండ మీద అదే లోతు గొయ్యి. పైన బూడిదరంగు పెచ్చు. అది లేవగానే సుద్ద, రాళ్ళు. ప్రతి పోటుకూ గడ్డపార మోగింది.

మధ్యాహ్నం తినడానికి కూర్చున్నప్పుడు ఏం తూస్తున్నారని జాజియా అడిగింది. ఆమెను పిన్నీ అన్నట్టు ఖాల్తీ అని పిలిచే నౌరస్ రొట్టె మీద మాడిన పెచ్చు గిల్లి చూపించింది.

“ఈ నలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది ఖాల్తీ?”

“గోధుమలోంచి.”

“గోధుమకు?”

“నేలలోంచి. ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?”

“గాలిలోంచి.”

పట్నం పిల్ల వేళాకోళం ఆడుతోందనుకుని జాజియా నవ్వింది. నౌరస్ నిదానంగా చెప్పింది. దాన్ని కర్బనం అంటారు. చెట్టు దాన్ని గాలిలోంచి తీసుకుని దాంతో ఒళ్ళు పెంచుకుంటుంది. కొంత కాండంలో ఉంటుంది, కొంత వేళ్ళలో. రాల్చిన ఆకు కుళ్ళి నేలలోకి దిగుతుంది. పాత అడవి దాచుకున్నదాంట్లో ఎక్కువ పాలు కళ్ళకు కనబడదు, కాళ్ళ కింద ఉంటుంది. వాన నీళ్ళను పట్టి ఉంచేదీ అదే. ఈ కొండకు కాండాలు బాగానే ఉన్నాయి, నాటినవాళ్ళు బాగా నాటారు. కింద మాత్రం ఏమీ లేదు.

“ఈ చెట్ల వయసుకు ఈపాటికి ఎంతో కొంత ఉండాలి. రాలిన ఆకు ఏమవుతోంది? గాలికి కొట్టుకుపోతోందా?”

“మేం ఊడుస్తాం.”

“ఏటా?”

“ఏటా. ఒక్క సూది మిగలనివ్వం.”

ఆ రెండో మాట అంటుండగానే జాజియా గొంతు తగ్గింది. నౌరస్ ఏమీ రాసుకోలేదు. రొట్టె పక్కన పెట్టింది.

“ఊడవొద్దని నేను చెప్పను ఖాల్తీ. నిప్పు భయం నిజమే. అంటుకుందా, దాచిందంతా ఒక్క మధ్యాహ్నంలో మళ్ళీ గాలిలో కలుస్తుంది. ఊడవడం మానితే నేల బాగుపడుతుంది, కానీ మెల్లగా. పాత అడవిలా నల్లబడ్డం నువ్వు చూడవు, నేనూ చూడను.”

“మొదలవడం చూస్తానా?”

“అది చూస్తావు.”

నౌరస్ సంచులు సర్దుకుని వెళ్ళిపోయింది. జాజియా గొయ్యి పూడ్చింది.

వేసవంతా ఆమె మేకల వెంట పాత అడవికి పోతూ వచ్చింది. ఏటా చలికాలం వానలకు కుడివైపు వాగు మడ్డిగా దిగి ఊటను బురద చేసేది. ఎడమవైపు నీళ్ళు తేటగా వచ్చేవి. అది మేకల తొక్కుడు అని ఊరు అనేది. మేకలు రెండు వైపులా తిరుగుతాయని ఎవరికీ తోచలేదు. ఆమెకూ ఇన్నేళ్ళూ తోచలేదు. ఈ ఏడు పైకొండ, అంటే ఇళ్ళకూ బాటకూ ఎగువనున్న భాగం, ఊడవకూడదని ఆమె తీర్మానించుకుంది. ఆకును ఒక్క ఏడు ఎత్తుకుపోయినా నేల మళ్ళీ మొదటికే వస్తుంది. ఇంట్లో ఊడవడానికి బద్ధకమైతే చెప్పు, కొండనెందుకు సాకు పెడతావని అమారా నవ్వాడు. ఆపాలని మాత్రం చూడలేదు. అతను పొయ్యిలు పగలడం చూసినవాడు.

కానీ ఆ కొండ మీద మొదటి గీత గీసేది జాజియా కాదు.

అంజూరపళ్ళు ఏరుతున్న రోజున తల్లితో చెప్పింది. ఇద్దరూ వాకిట్లో చాప మీద కూర్చుని, పుచ్చినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు వేస్తున్నారు.

“ఉమ్మీ, ఈ ఏడు పైకొండ ఊడవొద్దు.”

ఖద్రా చేతిలోని పండు నొక్కి చూసి మంచివాటిలో వేసింది. “ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. ఊడవబట్టే ఆ నేల చచ్చిపోతోంది.”

“ఎవరన్నారు? ఆ సంచుల పిల్లా?”

“గొయ్యి తవ్వింది నేను. కళ్ళారా చూశాను.”

ఖద్రా ఇంకో పండు తీసుకుంది. దాన్ని ఎటూ వెయ్యలేదు.

“అయితే నేను ఊడ్చినందుకే అది అలా అయిందంటావు.”

ఇంకొకరయితే అక్కడ మాట మెత్తబరిచేవారు.

“అవును ఉమ్మీ. నువ్వు ఊడ్చావు. నేనూ ఊడ్చాను. నీకంటే ఎక్కువే ఊడ్చాను.”

“మరి అది బతికిందెవరి వల్ల?”

“నీ వల్లే. కాదని నేనెప్పుడన్నాను?”

“నువ్వు చూళ్ళేదు,” అంది ఖద్రా. “చేత్తో పెట్టిన మొక్క చిటపటమంటుంటే చూస్తూ నిలబడ్డాను. కడవలో చుక్క లేదు. నువ్వు చూళ్ళేదు.” చాప తన వైపు లాక్కుంది. “లే. ఇవి నేను చూసుకుంటా.”

ఆ తరువాత ఆమె ఆ మాట ఎత్తలేదు. జాజియా వెళ్ళినప్పుడల్లా టీ పోసింది, మేకల సంగతి అడిగింది. కొండ సంగతి వచ్చేసరికి నిద్రొస్తోందనేది.

జాజియా అడవి కాపలాదారు హత్తాబ్ దగ్గరికి వెళ్ళింది. ఆకు తియ్యమని గానీ ఉంచమని గానీ తన చట్టంలో లేదన్నాడతను. “కానీ జాజియా, రేపు కొండ అంటుకుంటే ఊరు నిప్పును తిట్టదు. నిన్ను తిడుతుంది.”

“తిట్టనీ. ఇళ్ళ వైపూ, బాట వైపూ ఎంత వెడల్పు బోడిగా ఉంటే నిప్పు దాటదో అది చెప్పు.”

హత్తాబ్ తల గోక్కున్నాడు. ఇంత వెడల్పు ఉంటే తప్పకుండా దాటదని దేవుడే చెప్పాలి, గాలి ఉంటే అదీ నమ్మలేం అన్నాడు. అయినా ఆమెతో నడిచాడు. కొండ అడుగున, బాట వెంబడి ఇద్దరూ ఆ వెడల్పుకు గుర్తుగా రాళ్ళు పెట్టుకుంటూ పోయారు. అయిపోయాక జాజియా వెనక్కి తిరిగి చూసి, నా మొహం చూసి తగ్గించలేదు కదా అని అడిగింది. అతను ఒక మూల రాళ్ళు ఇంకొంచెం పైకి జరిపాడు.

ఊట దగ్గర మన్నూబియా పట్టుకుంది. ఊరిలో అందరికంటే ఎక్కువ రొట్టెలు కాల్చే ఇల్లు ఆమెది. బాటమీద పోయే లారీలవాళ్ళకు అమ్ముతుంది.

“ఏమే జాజియా, ఈ చలికాలం మా పొయ్యిల్లో ఏం పెట్టమంటావు? గాలా?”

ఆడవాళ్ళంతా నవ్వారు. జాజియా కూడా నవ్వింది. నవ్వుకుంటూనే కడవ దించి, ఇంటికి పోకుండా బాట వెంబడి నడిచింది. మలుపు దగ్గర రోజ్మరీ నూనె తీసే బట్టీ ఉంది. వేసవిలో ఉడికించి పారేసిన రోజ్మరీ పుల్లలు దాని వెనక గుట్టలుగా ఎండి ఉన్నాయి. ఆమె ఒకటి విరిచింది. టప్పున విరిగింది. చోటు ఖాళీ అయితే తనకూ మేలేనన్నాడు యజమాని. కానీ మోసుకోవడం మీ పని, అదీ వాన పడకముందు, తడిస్తే కుళ్ళిపోతుంది అన్నాడు.

రగ్గాతా రోజు తెల్లవారుతూనే ఆడవాళ్ళు దంతెలతో కొండ కింద చేరారు. ఖద్రాను కంచరగాడిద మీద ఎక్కించుకుని అమారా తీసుకొచ్చాడు. ఏటా ఆమె పైఅంచు దాకా గాడిద మీదే పోయేది. జాజియా తన దంతె నేలకు ఆనించి నిలబడింది. తల్లి గీత పైనుంచి పడితే కొండంతా ఊడవాల్సిందే. తానూ ఊడవాలి. కట్టుబాటు అది. అప్పుడు ఊడవనంటే ఒక్కతే నిలబడాలి, తల్లికి ఎదురుగా. నిలబడడానికే వచ్చింది. అది ఎవరితోనూ చెప్పలేదు.

గాడిద రాళ్ళ వరస దాటబోతుంటే ఖద్రా ఆపమంది. దిగింది. రాళ్ళను చూసింది. అవి ఎవరు పెట్టారని అడగలేదు. పైకి, చెట్ల మధ్యకు చాలాసేపు చూసింది. అది కాలిన వరస ఉన్న చోటు అని మా పెద్దవాళ్ళకు తెలుసు. అక్కడ తిరిగి నాటింది కూడా ఆమే.

ఖద్రా దంతె దించింది. ఏటా పైనుంచి కిందికి గీసే గీతను అడ్డంగా గీసింది. రాయి నుంచి రాయికి, వంగిన నడుముతో, ఆగి ఊపిరి తీసుకుంటూ. సాయం పట్టబోయిన చేతిని మోచేత్తో తోసేసింది. చివరి రాయి దగ్గర నిలబడి చెప్పింది.

“దీనికి కింద ఊడవండి. ఒక్క సూది మిగలొద్దు. పైన ఎవరూ దంతె పెట్టొద్దు.”

ఆడవాళ్ళు మన్నూబియా వైపు చూశారు.

“కింద తీసింది నాలుగు రోజుల పొయ్యికి రాదు ఖాల్తీ,” అంది మన్నూబియా. “తరవాత?”

ఖద్రా కూతురి వైపు తిరిగింది. “చెప్పు. నా దగ్గర బాగా మాట్లాడావుగా.”

జాజియా బట్టీ సంగతి చెప్పింది. ప్రతి గడపకూ తానే తెచ్చి దించుతానంది.

“రోజ్మరీయా? రొట్టె అత్తరు వాసనేస్తుంది.”

“వెయ్యనీలే,” అంది ఎవరో వెనకనుంచి. “మీ ఆయన ఇప్పటికైనా నీ పక్కన కూర్చుంటాడు.”

మన్నూబియా కూడా నవ్వాపుకోలేకపోయింది. వెంటనే మొహం సరిచేసుకుంది. “మాటల మోపు నాకొద్దు జాజియా. పుల్లల మోపు కనబడాలి.”

“రేపు పొద్దున కనబడుతుంది.”

దంతెలు దిగాయి. పని మధ్యాహ్నానికే అయిపోయింది. పంచుకోవడానికి ఎక్కువ లేదు. కొందరు సణుక్కుంటూనే కట్టుకున్నారు. మొదటిసారి ఆ కొండ సగం ఊడ్చిన వాకిలిలా, ఎవరో పిలిస్తే చీపురు వదిలేసి పోయినట్టుగా కనిపించింది. జాజియాకు కూడా అది చూడ్డానికి బాగోలేదు.

సాయంత్రం కుస్కుస్ పళ్ళెం దగ్గర ఖద్రా తన ఎదుటి మాంసం ముక్కను కూతురి వైపు జరిపింది.

“వప్పుకున్నానని ఊరంతా చెప్పుకు తిరక్కు. ఒక్క ఏడు చూస్తాను.”

“ఒక్క ఏడులో కనబడదు ఉమ్మీ.”

“అయితే వచ్చే ఏడు మళ్ళీ అడుగు. అడగడం నీకు చేతకాదా?”

మర్నాడు పొద్దున పడమటి మబ్బు దిగి ఉంది. జాజియా కంచరగాడిదకు రెండు వైపులా తాళ్ళు కట్టుకుని, ఊరు లేవకముందే బట్టీకి పోయింది. పుల్లలు తొక్కి అణిచి కట్టింది. మొదటి మోపు మన్నూబియా ఇంటికి తీసుకొచ్చి, తలుపు తట్టకుండా, తడవని చోటు చూసి చూరు కింద గోడకు ఆనించి పేర్చింది. గాడిదను వెనక్కి తిప్పి రెండో మోపుకు వెళ్ళింది.